పల్నాడు ఎండకు నిలిచే రెగ్యులేటర్

వేసవి వచ్చిందంటే పత్రికల్లో రెంటచింతల పేరు కనిపించకుండా ఉండదు. రాష్ట్రంలో ఎండలెక్కడ ఎక్కువ అని అడిగితే ముందుగా నోటికొచ్చే ఊరు అదే. రెంటచింతల, వెల్దుర్తి రెండూ మాచర్ల నియోజకవర్గంలోని మండలాలే, ఎండ రెండిటికీ ఒకటే. బయట 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, వెల్దుర్తిలో ఒక రేకుల షెడ్డు కింద, గాలాడని పెట్టెలో బిగించిన 12 వోల్టుల ఎలిమినేటర్ చుట్టూ 55 డిగ్రీలు ఉంటుందనుకోవడం అతిశయోక్తి కాదు. ఆ ఎలిమినేటర్‌లోని ట్రాన్సిస్టర్‌కు కంపెనీ ఇచ్చే డేటాషీట్ మాత్రం మొదటి పేజీలో 25 డిగ్రీల లెక్కే చెబుతుంది. లీనియర్ రెగ్యులేటర్ శక్తిని పెంచడం ఎలా అన్న ప్రశ్నకు పుస్తకాల్లో, మెకానిక్కుల నోళ్లలో జవాబులు చాలానే ఉన్నాయి. వాటిలో చాలావరకు ఆంపియర్ల గురించే మాట్లాడతాయి. మన దగ్గర వాటిని తూచాల్సింది వేడితో, దాని వెంటే వచ్చే లో వోల్టేజీతో.

ముందు విషయం ఏమిటో చెప్పుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 15కో 18కో దించుతుంది, డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి, పెద్ద కండెన్సర్ చదును చేస్తుంది. అయినా ఆ డీసీ నిలకడగా ఉండదు. లైన్ వోల్టేజీ పెరిగితే పెరుగుతుంది, లోడు పడితే తగ్గుతుంది. దాన్ని సరిగ్గా 12 దగ్గర నిలబెట్టేది లీనియర్ రెగ్యులేటర్. అది చేసే పని ఒక్కటే, పైన మిగిలిన వోల్టేజీని తన మీద వేసుకోవడం. లోపలికి 20 వస్తే, బయటికి 12 పంపితే, మిగతా 8 వోల్టులు దాని నెత్తిన. 1 ఆంపియర్ పారితే 8 వాట్లు, 5 ఆంపియర్లు పారితే 40 వాట్లు. అదంతా వేడే, ఇంకో రూపం లేదు. ఈ లెక్కను ఏ సర్క్యూట్ చిట్కా మార్చలేదు. ఆ వేడి ఎక్కడ పుట్టాలి, ఎలా బయటికి పోవాలి అన్నదొక్కటే మన చేతిలో ఉంటుంది.

చరిత్ర క్లుప్తంగా. తొలిరోజుల్లో జీనర్ డయోడు ఒకటి, దాని వెనక పవర్ ట్రాన్సిస్టర్ ఒకటి, అంతే రెగ్యులేటర్. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటి ఏళ్ల ల్యాబుల్లో ఇప్పటికీ జీనర్ ప్రయోగం చేయిస్తారు. 1960ల మొదట్లో అమెరికాలో ఆర్‌సీఏ సంస్థ తెచ్చిన 2ఎన్3055 అనే ట్రాన్సిస్టర్ ఈ రంగాన్ని ఏలింది. రెండు కాళ్లు, మొత్తం లోహపు టోపీ, 15 ఆంపియర్లు, 60 వోల్టులు, 115 వాట్లు. మన దేశంలో సీడీఐఎల్ వంటి సంస్థలు దాన్ని తయారు చేశాయి. 1960ల చివర్లో ఫెయిర్‌చైల్డ్ నుంచి 723 ఐసీ వచ్చింది. స్వయంగా ఇవ్వగలిగింది 150 మిల్లీ ఆంపియర్లే అయినా, పక్కన పెద్ద ట్రాన్సిస్టర్ తగిలిస్తే ఎంతవరకైనా పోతుంది. తర్వాత మూడు కాళ్ల 7805, 7812 ఐసీలు, 1976లో నేషనల్ సెమీకండక్టర్‌లో బాబ్ డాబ్‌కిన్ చేతి మీదుగా వోల్టేజీ మార్చుకోగలిగే ఎల్ఎం317 వచ్చాయి. ఇవన్నీ 1, 1.5 ఆంపియర్ల సరుకు. అందుకే "ఇంకొంచెం పెంచడమెలా" అన్న ప్రశ్న పుట్టింది.

ఎవరికి కావాలి ఆ ఇంకొంచెం? ఒకప్పుడు బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్ టీవీ కోసం. ఆ టీవీలు 12 వోల్టుల మీద నడిచేవి, కరెంటు పోతే కారు బ్యాటరీ తగిలించి సినిమా చూసేవాళ్లు. వాటి లోపలి పవర్ సప్లై లీనియర్ రెగ్యులేటరే. అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో 1967లో హైదరాబాదులో మొదలైన ఈసీఐఎల్ కూడా ఈసీ టీవీ పేరుతో టీవీలు అమ్మింది. వాటిని బాగు చేస్తూనే ఒక తరం మెకానిక్కులు ఈ విద్య నేర్చుకున్నారు. ఇవాళ అవసరాలు వేరు. కారు ఆంప్లిఫయర్‌ను ఇంట్లో పెట్టుకోవాలి, గుడి మైకు సెట్టుకు 12 వోల్టులు కావాలి, మిరప తోటలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌ను ఛార్జి చేయాలి, రేడియో హాబీ ఉన్నవాళ్లకు ట్రాన్స్‌సీవర్ నడపాలి. చేతిలో 7812 ఉంది, పాత స్టెబిలైజర్‌లోంచి ఊడదీసిన ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఇక ఆగుతారా?

అందరికీ ముందు తట్టే ఉపాయం రెండు 7812లను పక్కపక్కన కలిపేయడం. ఒకటి 1 ఆంపియర్ ఇస్తే రెండు కలిసి 2 ఇస్తాయి కదా అని. ఇవ్వవు. 7812 అంటే కచ్చితంగా 12 కాదు, 11.5 నుంచి 12.5 వరకు ఏదైనా కావచ్చని డేటాషీట్ ఒప్పుకుంటుంది. రెండిట్లో వోల్టేజీ కాస్త ఎక్కువున్నది మొత్తం భారం మోస్తుంది, రెండోది చూస్తూ కూర్చుంటుంది. మొదటిది వేడెక్కి తన రక్షణలోకి పోయాక రెండోది లేస్తుంది. ఒక్కోదాని అవుట్‌పుట్‌లో చిన్న రెసిస్టెన్స్ పెట్టి పంచవచ్చు, కానీ అప్పుడు లోడు మారినప్పుడల్లా వోల్టేజీ కదులుతుంది. రెగ్యులేటర్ కొన్నది దేనికో అది పోతుంది. ఈ పద్ధతిని పక్కన పెట్టేయడమే మేలు.

రెండో దారి పెద్ద ఐసీ కొనడం. ఎల్ఎం350 అయితే 3 ఆంపియర్లు, ఎల్ఎం338 అయితే 5. వాడకం ఎల్ఎం317 లాగే, రెండు రెసిస్టెన్సులు చాలు. కరెంటు హద్దు, వేడి హద్దు రెండూ లోపలే ఉంటాయి. ఇంతకన్నా సులువైంది లేదనిపిస్తుంది. కానీ డేటాషీట్‌ను కిందిదాకా చదివితే, ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో వచ్చే ఎల్ఎం338కి అందులోని విలువలు 25 వాట్ల వేడి వరకే వర్తిస్తాయని, లోహపు టోపీ రకానికి 50 వాట్లని ఉంటుంది. పైగా దాని లోపలి చిప్ 125 డిగ్రీలు దాటకూడదు. అంటే 5 ఆంపియర్లు నిజమే, ఐదు వోల్టుల తేడా మీద. పది వోల్టుల తేడా మీద కాదు. సంతలో దొరికే చౌక ఎల్ఎం338లలో అసలు ఎన్నో, నకిలీలు ఎన్నో అనేది వేరే గొడవ. 2ఎన్3055 పేరు మీద కూడా లోపల చిన్న చిప్ పెట్టి పైన పెద్ద టోపీ బిగించిన సరుకు తిరుగుతూ ఉంటుంది. ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించాల్సిందే.

మూడోది, ఎక్కువమంది మెకానిక్కులు నమ్మేది, 7812కు పక్కన ఒక పీఎన్‌పీ పవర్ ట్రాన్సిస్టర్ తగిలించడం. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఈ ప్రశ్నలోని తెలివి, ప్రమాదం రెండూ ఇక్కడే ఉన్నాయి.

ఐసీ ఇన్‌పుట్ కాలికి ముందు 3 ఓముల రెసిస్టెన్స్ ఒకటి పెడతారు. ఎంజే2955 అనే ట్రాన్సిస్టర్ ఎమిటర్‌ను రెసిస్టెన్స్‌కు ముందు వైపు, బేస్‌ను వెనక వైపు, అంటే ఐసీ కాలికి కలుపుతారు. కలెక్టర్ నేరుగా అవుట్‌పుట్‌కు. లోడు చిన్నదైనంత వరకు మొత్తం కరెంటు ఐసీ గుండానే పోతుంది. 0.2 ఆంపియర్లు దాటేసరికి ఆ 3 ఓముల మీద 0.6 వోల్టులు పడతాయి, ట్రాన్సిస్టర్ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి పెరిగే కరెంటంతా దాదాపుగా ట్రాన్సిస్టర్‌దే. వోల్టేజీని 12 దగ్గర ఉంచే బాధ్యత మాత్రం ఇంకా ఐసీదే. అది చిన్న కరెంటుతో పెద్ద ట్రాన్సిస్టర్‌ను ఆడిస్తుంది. 5 ఆంపియర్ల దగ్గర ట్రాన్సిస్టర్ గెయిన్ 20 అనుకుంటే బేస్‌కు 0.25 ఆంపియర్లు కావాలి, రెసిస్టెన్స్ గుండా వచ్చే 0.2తో కలిపి ఐసీ మోసేది 0.45 మాత్రమే. హాయిగా మోస్తుంది. కాకపోతే అది కూడా 4 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది, దానికీ వేడిని గాలికి వదిలే చిన్న రేకు, అంటే హీట్‌సింక్, ఉండాలి. ట్రాన్సిస్టర్‌కు పెద్ద రేకు బిగించి, ఐసీని గాలికి వదిలేసిన బోర్డులు తరచూ కనిపిస్తాయి.

ఈ ఏర్పాటులో పోయేది రక్షణ. 7812 ఒక్కటే ఉన్నప్పుడు అవుట్‌పుట్ షార్ట్ చేసినా అది తనంతట తాను కరెంటు తగ్గించుకుని బతుకుతుంది. ట్రాన్సిస్టర్ తగిలించాక షార్ట్ అయితే ఐసీ హద్దులో ఐసీ ఉంటుంది, ట్రాన్సిస్టర్‌కు మాత్రం హద్దు చెప్పేవాళ్లు లేరు. ఎమిటర్ వైపు 0.1 ఓము రెసిస్టెన్స్, దాని మీద ఇంకో చిన్న పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ పెడితే 6 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టులు పడి, ఆ చిన్నది మేలుకుని పెద్దదాని బేస్ కరెంటు లాగేసుకుంటుంది. పెద్ద ఖర్చేమీ కాని ఈ రెండు ముక్కలు లేని మార్పు పని పూర్తయినట్టు కాదు. ఇవి ఉన్నా చిక్కు ఇంకొకటి మిగులుతుంది. షార్ట్ సమయంలో 20కి పైగా వోల్టులు, 6 ఆంపియర్లు అంటే 120 వాట్లు దాటుతుంది. వేడెక్కిన ట్రాన్సిస్టర్ అది ఎంతోసేపు భరించలేదు. అందుకే హీట్‌సింక్‌కు 85 డిగ్రీల థర్మల్ స్విచ్ ఒకటి బిగించాలి, లైన్‌లో సరైన ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు బదులు తీగ చుట్టే అలవాటున్న వర్క్‌షాపుల గురించి ప్రత్యేకం చెప్పనక్కర్లేదు.

పవర్ ట్రాన్సిస్టర్ పోతే సాధారణంగా తెగిపోదు, షార్ట్ అయిపోతుంది. అంటే 12 వోల్టులు రావాల్సిన చోట మొత్తం 22 వోల్టులు లోడు మీద పడతాయి. రెగ్యులేటర్ ధర వందల్లో, దాని వెనక ఉన్న ఆంప్లిఫయర్ వేలల్లో. అవుట్‌పుట్ దగ్గర 15 వోల్టుల జీనర్‌తో మేలుకునే ఒక ఎస్‌సీఆర్ పెడితే, వోల్టేజీ ఎగసిన మరుక్షణం అది అవుట్‌పుట్‌ను కావాలనే షార్ట్ చేసి ఫ్యూజు ఎగరగొడుతుంది. మొరటు పద్ధతే గాని బాగా పనిచేస్తుంది.

నాలుగో దారి ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లతో, అంటే 723 ఐసీ, వెనక 2ఎన్3055లు. సరంజామా ఎక్కువ, కానీ పట్టు కూడా ఎక్కువ. వోల్టేజీ, కరెంటు హద్దు రెండూ మన ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చు. కాలేజీ ల్యాబుల్లో కనిపించే 0-30 వోల్టుల పవర్ సప్లైలలో చాలావాటి వెనక ఈ ఆలోచనే ఉంది. ఐదో దారి మాస్‌ఫెట్. దీని గురించి ఒక్క హెచ్చరిక చాలు. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ లాంటివి ఆన్-ఆఫ్ స్విచ్చులుగా పనిచేయడానికి చేసినవి. సగం తెరిచి ఉంచి వేడి మోయమంటే చిప్‌లో ఒక మూల మిగతాదానికన్నా ఎక్కువ వేడెక్కి, ఆ మూలే మరింత కరెంటు లాగి, అక్కడే కాలిపోతుంది. డేటాషీట్ మీద 49 ఆంపియర్లని రాసి ఉన్నా సరే. డేటాషీట్‌లో డీసీ సేఫ్ ఏరియా గీత ఉన్న మాస్‌ఫెట్ దొరికితే తప్ప ఈ పనికి వాడకూడదు.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. 12 వోల్టులు, 5 ఆంపియర్లు కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఏది కొనాలి? చాలామంది 12-0-12 కొంటారు. పుస్తకం ప్రకారం 12ను 1.414తో హెచ్చిస్తే 17 వస్తుంది, చాలుననిపిస్తుంది. కానీ 17 వచ్చేది లైన్‌లో నిండుగా 230 ఉన్నప్పుడు. నిబంధనల ప్రకారం ఇంటి సరఫరాలో వోల్టేజీ 6 శాతం అటూ ఇటూ మాత్రమే కదలాలి, అంటే 216 నుంచి 244 వరకు. లైను చివరి ఇళ్లవాళ్లను అడిగితే ఆ నిబంధన ఏమవుతుందో చెబుతారు. వెల్దుర్తికి దగ్గర్లోనే నాగార్జునసాగర్‌లో 815 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది, కుడికాలువ మీద ఇంకో 90 మెగావాట్లు. కరెంటు పుట్టే చోటుకు ఎంత దగ్గరున్నామన్నది మన ఇంటి వోల్టేజీని తేల్చదు. తేల్చేది 11 కేవీ లైను ఎంత పొడవు, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటార్లు, ఎన్ని కూలర్లు అన్నదే. మోటార్లన్నీ ఒకేసారి లేచినప్పుడు 190కి దిగడం, రాత్రి రెండింటికి ఎవరూ వాడనప్పుడు 250కి ఎక్కడం, రెండూ లెక్కలో ఉండాల్సిందే.

15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుందాం. కండెన్సర్ 22,000 మైక్రోఫారడ్లు. 5 ఆంపియర్ల మీద దానిపై వోల్టేజీ అల (రిపుల్) సుమారు 1.8 వోల్టులు. డయోడ్ల మీద 1 వోల్టు పోతుంది. లైన్ 190 ఉన్నప్పుడు సెకండరీ 12.4, శిఖరం 17.5, డయోడ్లు పోను 16.5, అల అడుగు 14.7. 7812కు కనీసం 2 వోల్టుల తేడా, ట్రాన్సిస్టర్ బేస్‌కు 0.7, మొత్తం 14.7 కావాలి. సరిగ్గా అంచు మీద నిలిచింది. 190 కన్నా తగ్గితే ఆంప్లిఫయర్‌లో గుర్రుమనే హమ్ మొదలవుతుంది. 12-0-12 అయితే 230 దగ్గర కూడా ఈ గీత దాటడం కష్టమే. లో వోల్టేజీ ఉన్న చోట చాలా మైకు సెట్టులు గుర్రుమనడానికి కారణం ఐసీ కాదు, ఇదే.

ఇప్పుడు రెండో అంచు. లైన్ 250 అయితే కండెన్సర్ మీద సగటున 21.2 వోల్టులు. 12 పోను 9.2, ఐదుతో హెచ్చిస్తే 46 వాట్లు. లోడుకు 60 వాట్లిచ్చి 46 వాట్లు గాలికి వదలడం. ట్రాన్సిస్టర్ 115 వాట్లది కదా, 46 ఎంత అనిపిస్తుంది. ఆ 115 దాని టోపీని 25 డిగ్రీల దగ్గర పట్టి ఉంచగలిగితేనే. ప్రతి డిగ్రీకి 0.657 వాట్లు తగ్గించుకుంటూ పోవాలి, టోపీ 100 డిగ్రీలకు చేరితే మిగిలేది 66. చిప్ నుంచి టోపీకి వేడి దాటడానికే వాటుకు 1.52 డిగ్రీలు ఖర్చవుతుంది, మైకా వాషర్, పేస్టు దగ్గర ఇంకో 0.4. చిప్‌ను 150 డిగ్రీల లోపు ఉంచాలనుకుందాం. చుట్టూ గాలి 25 డిగ్రీలుంటే, ఈ 46 వాట్లకు వాటుకు 0.8 డిగ్రీలు మాత్రమే వేడెక్కే హీట్‌సింక్ కావాలి. పెద్దదే, కానీ దొరుకుతుంది. చుట్టూ 55 ఉంటే? 0.15. ఫ్యాను పెట్టకుండా అలాంటి హీట్‌సింక్ దాదాపు లేదనే చెప్పాలి. సర్క్యూట్ అదే, ట్రాన్సిస్టర్ అదే, లోడు అదే. బెంగళూరులో నిలిచింది వెల్దుర్తిలో నిలవదు.

ఇక్కడే ఎక్కువమంది పొరబడే విషయం ఉంది. ఈ ఒక్క ట్రాన్సిస్టర్ కరెంటు పరంగా 15 ఆంపియర్లు మోయగలదు కాబట్టి 5 ఆంపియర్లకు రెండోది అనవసరం అనుకుంటారు. రెండోది పెట్టాల్సింది కరెంటు కోసం కాదు. రెండు ట్రాన్సిస్టర్లయితే ఒక్కోదాని మీద 23 వాట్లు, చిప్ నుంచి రేకు దాకా పోయేది 88 డిగ్రీల బదులు 44 డిగ్రీలే. హీట్‌సింక్ 0.15 కావాల్సింది ఒక్కసారిగా 1.1కి సడలుతుంది. మూడోది పెడితే 1.4, నాలుగోదానికి 1.6. అంటే మొదటి అడుగులో దక్కిన లాభం తర్వాతి అడుగుల్లో లేదు. 5 ఆంపియర్లకు రెండు, 10కి నాలుగు అన్న పాత మెకానిక్కుల లెక్క గాలిలోంచి వచ్చింది కాదు. కరెంటు సమానంగా పంచుకోవడానికి ఒక్కోదాని ఎమిటర్‌కు 0.1 ఓము వైరు రెసిస్టెన్స్ తప్పనిసరి. లేకపోతే వేడెక్కినదే ఇంకా ఎక్కువ లాగుతుంది.

మిరపకాయలను కల్లంలో కుప్పపోస్తే కుళ్లుతాయి, పలుచగా పరిస్తే ఆరుతాయి. వేడి విషయంలో హీట్‌సింక్ చేసే పని కూడా ఆ పరచడమే. దాని రెక్కలు నిలువుగా ఉండాలి, పెట్టె బయట ఉండాలి, కింద నుంచి పైకి గాలి పోయే దారి ఉండాలి. అడ్డంగా బిగించిన రెక్కల మధ్య వేడిగాలి చిక్కుకుంటుంది. ఫ్యాను పెట్టుకోవచ్చు గానీ పత్తి నలుసులు, మిరప దుమ్ము ఎగిరే ఊళ్లలో అది ఏడాదికే బిగుసుకుంటుంది. ఫ్యాను ఆగిపోతే ఏమవుతుందో లెక్క వేసుకోకుండా ఫ్యానును నమ్మకూడదు. అలాగే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు సగమవుతుందని తయారీదార్లే చెబుతారు. 85 డిగ్రీల కండెన్సర్‌కు బదులు 105 డిగ్రీలది కొనడం మన ఎండలకు సోకు కాదు.

మైకా వాషర్ గురించి కూడా ఒక మాట. ట్రాన్సిస్టర్ టోపీయే దాని కలెక్టర్, దాన్ని నేరుగా రేకుకు తగిలిస్తే రేకులోకి కరెంటు వస్తుంది. అందుకని మధ్యన పలుచటి అబ్రకం పొర పెడతారు. కరెంటును ఆపుతుంది, వేడిని కొంతవరకు పోనిస్తుంది. అబ్రకమంటే మనకు గూడూరు, సైదాపురం గనులు గుర్తుకొస్తాయి. ఇలాంటి పనుల కోసమే నెల్లూరు అబ్రకానికి దేశదేశాల్లో గిరాకీ ఉండేది. పొర రెండు వైపులా తెల్ల పేస్టు పలుచగా పూయాలి, లేకపోతే మధ్యన చిక్కిన గాలి వేడికి గోడ కడుతుంది. మందంగా పూసినా నష్టమే. బిగించాక రేకుకు, టోపీకి మధ్య మీటర్ పెట్టి షార్ట్ లేదని చూసుకుని, లైన్‌లో 100 వాట్ల సీరీస్ బల్బు పెట్టి మొదటిసారి ఆన్ చేసేవాళ్లను మంచి మెకానిక్కులని నమ్మవచ్చు. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోతే సరే, వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయాలి.

వేడిని మోయడం కన్నా పుట్టకుండా చూడడం మేలు కదా? అందుకు రెండు మూడు దారులున్నాయి. రెగ్యులేటర్ ముందు ఒక పెద్ద రెసిస్టెన్స్ పెట్టి, కొంత వేడి దానికి అప్పజెప్పమని పాత పుస్తకాలు చెబుతాయి. అర ఓము పెడితే 5 ఆంపియర్ల దగ్గర 12.5 వాట్లు అది తీసుకుంటుంది, అది రెసిస్టెన్సే కాబట్టి ట్రాన్సిస్టర్ కన్నా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. కానీ అదే 2.5 వోల్టులు లైన్ 190 ఉన్నప్పుడు కూడా మింగుతుంది, అంచు మీద నిలిచిన మన లెక్క కూలిపోతుంది. వోల్టేజీ నిలకడగా ఉన్న నగరాలకు పనికొచ్చే సలహా, మనకు కాదు.

నాకు నచ్చిన దారి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇంకో ట్యాప్ పెట్టించడం. మోటార్లు వైండింగ్ చేసేవాళ్లు మాచర్లలో, నరసరావుపేటలో ఎలాగూ ఉంటారు. సెకండరీలో 15 వోల్టులతో పాటు 13 దగ్గర కూడా వైరు బయటికి తీయమంటే తీస్తారు. లైన్ 220 దాటితే ఒక రిలే 13కి మారుస్తుంది, తగ్గితే 15కి. స్టెబిలైజర్ చేసే పనే ఇది, చిన్న ఎత్తున. రిలే టకటకా కొట్టుకోకుండా, మారే గీతకూ తిరిగొచ్చే గీతకూ మధ్య రెండు వోల్టుల తేడా ఉంచాలి. అప్పుడు 250 దగ్గర వేడి 46 నుంచి 30 వాట్లకు దిగుతుంది, అన్ని వోల్టేజీల మీదా కలిపి చూసినా గరిష్ఠం సుమారు 32 మాత్రమే. రెండు ట్రాన్సిస్టర్లతో కావాల్సిన హీట్‌సింక్ 1.1 నుంచి 2.0 అవుతుంది. బజారులో తేలిగ్గా దొరికే రేకు అది, ఫ్యాను అక్కర్లేదు. ఒక రిలే ఖర్చుతో ఇంత ఊరట ఇంకెక్కడా లేదు. ఐసీని తక్కువ డ్రాప్‌అవుట్ రకానికి, ఉదాహరణకు సుమారు 1.5 వోల్టుల తేడాతో 5 ఆంపియర్లిచ్చే ఎల్ఎం1084కి మార్చి, ట్రాన్స్‌ఫార్మర్‌నే చిన్నది చేయడం ఇంకో దారి.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చాలామంది చూడని ఇంకో సంగతి. సెకండరీ 5 ఆంపియర్లదైతే డీసీ కూడా 5 వస్తుందనుకుంటారు. నాలుగు డయోడ్ల బ్రిడ్జి, పెద్ద కండెన్సర్ ఉన్నప్పుడు 5 ఆంపియర్ల డీసీకి సుమారు 8 ఆంపియర్ల సెకండరీ కావాలి. రెగ్యులేటర్‌ను పెంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను పాతదే ఉంచితే, కాలిపోయేది ఈసారి ట్రాన్స్‌ఫార్మర్.

చివరకు అందరూ వేసే ప్రశ్న ఇది. కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేసి వోల్టేజీ దించే ఎస్ఎంపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. సీసీ కెమెరాతో వచ్చే చిన్న అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా ఏ లైన్ మీదైనా పనిచేస్తుంది. మన 190 వోల్టుల బాధ దానికి అసలు తెలియదు. 60 వాట్లివ్వడానికి పది, పదిహేను వాట్లు వృథా చేస్తే గొప్ప. మన లీనియర్‌ది 46 వాట్లు రోజుకు పది గంటలు వృథా అయితే నెలకు 14 యూనిట్లు. ఎల్ఈడీ దీపాలకు, కెమెరాలకు, మోటార్లకు లీనియర్ కట్టుకోవడం మొండితనమే.

లీనియర్‌కు మిగిలిన చోటు నిశ్శబ్దం కావాల్సిన చోటు. ఎస్ఎంపీఎస్ లోపల సెకనుకు వేలసార్లు జరిగే ఆన్-ఆఫ్ చప్పుడు షార్ట్‌వేవ్ రేడియోలో బుస కొడుతుంది. చౌక సరుకులో ఫిల్టరు భాగాలు తగ్గిస్తారు కాబట్టి మరీ ఎక్కువ. అందుకే రేడియో ప్రసారాలే హాబీగా ఉన్న హామ్ రేడియో వాళ్లు ఇప్పటికీ బరువైన లీనియర్ సప్లైలను దాచుకుంటారు. ఈ రంగంలో మన రాష్ట్రాలకు పేరున్న చరిత్రే ఉంది. 1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో రేడియో నడుపుతుండగానే 26న సునామీ వచ్చింది, ఆ రోజుల్లో దీవుల నుంచి కబుర్లు చేరవేయడంలో హామ్‌ల పాత్ర అందరూ చెప్పుకున్నారు. 100 వాట్ల హెచ్ఎఫ్ ట్రాన్స్‌సీవర్‌కు 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్ల దాకా కావాలి. దానికి లీనియర్ కట్టాలంటే మన పల్నాడు వేడిలో 160, 180 వాట్లు బయటికి తోయాలి, ఎనిమిది ట్రాన్సిస్టర్లు, ఫ్యాను, రిలే ట్యాపులు అన్నీ కలిపి. అయితే ప్రసారం ఉండుండి జరిగేది, ఎక్కువసేపు వినడమే. సగటు వేడి అంత ఉండదు. ఆ వెసులుబాటు మీదే హామ్ సప్లైలు బతుకుతున్నాయి. రోజంతా నడిచే మైకు సెట్టుకు ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి నా తీర్పు ఇది. 1.5 ఆంపియర్ల వరకు ఎల్ఎం317 చాలు, మార్పులేవీ అక్కర్లేదు. 2 నుంచి 5 వరకు, ఆడియోకో రేడియోకో అయితే, 7812 పక్కన రెండు ఎంజే2955లు, కరెంటు హద్దు, ఎస్‌సీఆర్ రక్షణ, ట్యాపు రిలే అన్నీ కలిపి కట్టుకోండి. వాటిలో ఏది మానేసినా మిగతావి దండగ. 5 దాటితే ముందు ఎస్ఎంపీఎస్ పెట్టి వోల్టేజీని 15 దాకా దించి, దాని వెనక చిన్న లీనియర్ పెట్టండి. తేడా మూడు వోల్టులే కాబట్టి 10 ఆంపియర్లకు కూడా వేడి 30 వాట్లే, ఎస్ఎంపీఎస్ అలజడి కూడా కొంతవరకు లీనియర్ దగ్గర ఆగుతుంది. ఆ పైన లైన్ నుంచి నేరుగా లీనియర్ కట్టడం మన వాతావరణంలో సరదాకే తప్ప అవసరానికి కాదు.

ఒక్క మనవి. సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకముందే, ఒక వారం పాటు మధ్యాహ్నం, సాయంత్రం దీపాలు వెలిగే వేళ, అర్ధరాత్రి దాటాక మీ ఇంటి వోల్టేజీని మీటర్‌తో చూసి రాసుకోండి. మీ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత ఉండాలో, హీట్‌సింక్ ఎంత పెద్దదో చెప్పేవి ఆ అంకెలే. ట్రాన్సిస్టర్ నంబరు అడిగే ముందు ఆ కాగితం పట్టుకుని వెళ్లండి.